ఎక్కువ రాత్రులు ఎక్కడ?

రాత్రిళ్లు ఎక్కువగా ఎక్కడ పడుకుంటుంది, అని అడిగాడు వాడు. అడిగి, పెన్ను నొక్కి, జవాబు రాసుకోడానికి తయారుగా కూర్చున్నాడు. పదహారేళ్ల ఆడపిల్ల గురించి కన్నతల్లిని అడగాల్సిన ప్రశ్నేనా అది, పట్టపగలు, గాజు తలుపుల ఇన్సూరెన్స్ ఆఫీసులో, వెనక గోడకి తన పెళ్లి ఫొటో తగిలించుకుని! డార్లా నోరు తెరవబోయింది. తెరిచుంటే ఏం వచ్చేదో ఆమెకే తెలీదు. వాడి అదృష్టం బాగుండి ఇంతలో ఫోను మోగింది. "ఒక్క నిమిషం, మిస్ డార్లా, హెడ్డాఫీసు వాళ్లు. మీ సంగతి కూడా కనుక్కునొస్తా," అంటూ లోపలి గదిలోకి దూరి తలుపేసుకున్నాడు. ఒక్క నిమిషం కాస్తా పదకొండు నిమిషాలైంది. మిస్ డార్లా! ఊళ్లో సగం మంది ఆమెను అలాగే పిలుస్తారు, ఇరవై రెండేళ్లుగా ఆమె తోలే పసుపుపచ్చ స్కూలు బస్సు ఎక్కి దిగినవాళ్లే కదా అందరూ. ఈ కోల్బీ కూడా ఎక్కాడు, మూడో వరుస, కిటికీ పక్క. ఇప్పుడు టై కట్టుకుని బల్లకి అటువైపు కూర్చుని నీ కూతురు ఎక్కడ పడుకుంటుందీ అంటున్నాడు. నా ఇంట్లో పడుకోక నీ ఇంట్లో పడుకుంటుందా అని ఉండాల్సింది. అనలేదు. ఎందుకనలేదో తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

ఎదురుగా ఫారం ఉంది. ఇంట్లో ఉంటున్న, పధ్నాలుగేళ్లు నిండిన వాళ్లందరి పేర్లూ రాయాలట. మొదటి గీత మీద తన పేరు. రెండో గీత మీద, వాడు అడక్కముందే, కుర్చీలో కూర్చుంటూనే, కాయితం అటువైపు దిగేలా ఒత్తి రాసింది, టెస్సా అని. మిగతా ఆరు గీతలూ ఖాళీ. ఈ కంపెనీ దృష్టిలో కాపురమంటే ఎనిమిది మంది ఉండాలి కాబోలు, పిల్లి పేరు కూడా రాస్తే కాస్త నిండుగా కనిపిస్తుందేమో. పిల్ల కోసం కొన్న ఆ కారేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా? చర్చిలో ఆర్గన్ వాయించే ముసలావిడ చూపు ఆనక అమ్మేస్తుంటే, వేసవంతా క్యాంపుల పిల్లల బస్సు తోలి తెచ్చిన అదనపు జీతం పోసి కొన్నది. నీలం కారు, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి తలుపుల కింద కాస్త తుప్పు తప్ప పేరు పెట్టడానికి లేదు. డిపో మెకానిక్ పక్కన నిలబడి బ్రేకులు మార్పించింది, టైర్లు కొత్తవి వేయించింది, సీట్ల సందుల్లో ఆర్గన్ ముసలావిడ పోగేసిన పిప్పరమెంటు బిళ్లలు గుప్పెళ్లతో ఏరి పారేసింది. ఎందుకు కొన్నది? పిల్ల తనంతట తను రావడానికి. వాళ్ల నాన్న కర్టిస్‌కి తీరికుండాలి, కర్టిస్ పెళ్లాం హెదర్‌కి కుదరాలి, మంచు పడకూడదు, ఇన్ని ముళ్లు విప్పుకోకుండా, అమ్మ దగ్గరికి పోదామనిపించిన క్షణాన తాళం తిప్పి ఇరవై మైళ్లు దిగొచ్చేయడానికి. అంతే. ఇంకే ఆశా లేదు ఆ కారు మీద.

తోలడం నేర్పింది ఎవరు? ఆదివారాలు డిపో వెనక ఖాళీ స్థలంలో నారింజ రంగు కోన్లు నిలబెట్టి, అద్దంలో చూడవే, మళ్లీ చూడు, నీకు కనపడని చోట ఎప్పుడూ ఒక పసివాడు ఉన్నాడనుకో, అని గొంతు పోయేలా అరిచింది ఎవరు? పెద్దవాళ్ల పక్కన యాభై గంటలు తోలిందని ప్రమాణం చేసి నోటరీ ముద్ర కొట్టిస్తే గానీ ఈ ఓహాయో రాష్ట్రంలో లైసెన్సు చేతిలో పెట్టరు, ఆ ప్రమాణం కింద సంతకం మాత్రం కర్టిస్‌ది. ఇదేంటయ్యా అంటే, "కాయితాలన్నీ ఒకే చిరునామాతో ఉంటే పిల్లకి ఇబ్బంది ఉండదు కదా డార్లా," అన్నాడు. మెత్తగా అన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ మెత్తగానే అంటాడు. తొమ్మిదేళ్ల కాపురంలో ఒక్కసారి గొంతెత్తి ఉంటే ఎదురు తిట్టిన సుఖమైనా దక్కేది ఆమెకి. మంగళవారం పరీక్ష పాసై పిల్ల ఫొటో పంపింది, లైసెన్సు చెంపకి ఆనించుకుని, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ, వెనక సీట్లోంచి హెదర్ బొటనవేలెత్తి చూపిస్తూ. ఆ సాయంత్రమే హెదర్ నుంచి మెసేజి, "టెస్సా ఇన్సూరెన్స్ గురించి మీరేం దిగులు పడొద్దు, మా దాంట్లో ఎక్కించేస్తాం, మాకు సంతోషమే" అని, చివర ఒక గుండె బొమ్మ. గుండె బొమ్మ! దిగులు పడొద్దట! ఎవరు పడ్డారు దిగులు, ఎవరు చెప్పారు తనకి? మూడు రోజులుగా డార్లా ఒళ్లు కుతకుతలాడుతోంది. హెదర్‌కి జవాబు పెట్టలేదు. టెస్సాకి మాత్రం ఫోన్ చేసి, శుక్రవారం వెళ్లి నిన్ను నా దాంట్లో ఎక్కిస్తున్నా అని చెప్పింది. ఊఁ, అంది పిల్ల. పొద్దుటి ట్రిప్పు అయ్యాక మధ్యాహ్నం ట్రిప్పు మొదలయ్యేలోపు దొరికే ఖాళీలో, తిండి కూడా మానేసి, డిపో జాకెట్టుతోనే ఇటొచ్చి పడింది.

అసలు వీటన్నిటికీ మూలం ఆ బడి కాయితం. కర్టిస్ పుట్టించాడనుకుంటే ఎంత హాయిగా ఉండేది, కానీ పుట్టించింది తనే. మూడేళ్ల కిందట ఇక్కడి బడిలో సంగీతం తీసేశారు, డబ్బుల్లేవని. వాయిద్యాలన్నీ ఒక గదిలో కుక్కి తాళం వేశారు. టెస్సా చెల్లో వాయించే పిల్ల, మోకాళ్ల మధ్య ఆనించుకుని కమానుతో లాగుతుంటే ఇంటి కిటికీలు కూడా సన్నగా వణికేవి. కర్టిస్ ఉండే కొండ మీది ఊరి బడిలో అరవై మంది ఆర్కెస్ట్రా, కానీ ఆ ఊళ్లో ఉండే పిల్లలకే సీటు. ఏముంది, పిల్ల ఉండేది తండ్రి దగ్గరే అని రాసిచ్చేస్తే సరి, విడిపోయినవాళ్లు సగం మంది చేసేదదే. కర్టిస్ తటపటాయించాడు కూడా, "నిజంగా నీకు ఫర్వాలేదా?" అని. "కాయితం మీదే కదా," అంది ఈ తెలివైన మనిషి. బ్యాంకులో నోటరీ ముందు కుడిచెయ్యి ఎత్తి, నా కూతురు ఎక్కువ రాత్రులు తండ్రి ఇంట్లోనే పడుకుంటుంది అని ప్రమాణం చేసింది. బయటికొచ్చి తల్లీకూతుళ్లిద్దరూ ఐస్‌క్రీం తిన్నారు, గెలిచామని. అప్పుడది పచ్చి అబద్ధం. వారానికి ఐదు రాత్రులు తన పక్క గదిలోనే పడుకునేది. నాలుగున్నరకి లేపి, కొండెక్కించి, తండ్రి గుమ్మంలో దింపి, బస్సు కోసం డిపోకి పరిగెత్తేది. పిల్ల కళ్లు తెరవకుండానే వాళ్ల సోఫా మీద పడి ఇంకో రెండు గంటలు పడుకునేది. ఎన్నాళ్లు అలా? ఒక జనవరిలో మంచు ముంచెత్తితే, ఈ రాత్రికి అక్కడే ఉండనీ అన్నది తనే. ముందు చెల్లో ఉండిపోయింది, మోయడం కష్టమని. తర్వాత చలికోటు, పళ్ల బ్రష్షు, కళ్లద్దాల పెట్టె. ఒకరోజు పిల్ల బీరువా తెరిస్తే ఖాళీ హ్యాంగర్లు ఒకదానికొకటి కొట్టుకుని చప్పుడు చేశాయి. ఎవరైనా లాక్కెళ్లి ఉంటే కోర్టుకెళ్లేది, నడివీధిలో నిలబెట్టి కడిగేసేది. ఎవరూ లాక్కెళ్లలేదు, అదీ ఆమె కడుపుమంట.

తలుపు తీసుకుని కోల్బీ వచ్చాడు. కూర్చుని టై సవరించుకున్నాడు. "కనుక్కున్నాను, మిస్ డార్లా. రెండే దారులున్నాయి."

"చెప్పు."

"టెస్సా మీ ఇంట్లోనే ఉంటుందని రాసిచ్చారనుకోండి, మీ పాలసీలో ఎక్కిస్తాను. కారు మీ పేరు మీదే ఉంటుంది. మార్కులు బాగుంటే తగ్గింపు కూడా ఉంది. బడి నుంచి ప్రోగ్రెస్ రిపోర్టు తెస్తే చాలు."

"తెస్తాను. అన్నీ ఏ గ్రేడులే దానికి."

"ఆ రిపోర్టు మీద ఏ చిరునామా ఉంటుంది?"

డార్లా ఫారాన్ని తన వైపు లాక్కుంది.

"ఉండేది వాళ్ల నాన్న దగ్గరైతే, కారు కూడా రాత్రిళ్లు అక్కడే ఉంటుంది కదా, అప్పుడు పాలసీ వాళ్లదవ్వాలి. వాళ్ల పాలసీలోకి వెళ్లాలంటే కారు వాళ్ల పేరు మీదికి మార్చాలి."

"కారు నాది. నా రెక్కల కష్టం. తీసుకెళ్లి కర్టిస్ చేతిలో పెట్టమంటావా?"

"నేనట్లేదు, కంపెనీ రూలు..."

"పోనీ పిల్ల పేరు మీద పెట్టు."

"పదహారేళ్ల వాళ్లకి మేం సొంతంగా పాలసీ ఇవ్వం, మిస్ డార్లా."

"ఏం కంపెనీరా మీది! కన్నతల్లి కారిస్తానంటే కుదరదంటుంది, సవతి తల్లి గుండె బొమ్మ పెడితే సరేనంటుంది!"

"గుండె బొమ్మేంటి?"

"నీకెందుకులే."

వాడు చెవి గోక్కున్నాడు. "పోనీ ఇలా చూద్దాం. పోయిన నెల మొత్తం మీద ఎన్ని రాత్రులు మీ దగ్గరుంది? ఉజ్జాయింపుగా చెప్పినా చాలు."

"లెక్కపెట్టి చెప్తాను, ఆగు."

లెక్కపెట్టడానికి పెద్ద నెల కూడా కాదు, ఫిబ్రవరి. మొదటి వారం రాలేదు, రిహార్సల్. రెండో శనివారం వచ్చింది, ఔను, వచ్చింది, ఇద్దరూ చికెన్ నూడుల్స్ వండుకున్నారు, సినిమా పెట్టుకున్నారు, తను ఎనిమిదిన్నరకే సోఫాలో ఒరిగిపోయింది. తెల్లారి లేచి చూస్తే మీద దుప్పటి కప్పి ఉంది, టీవీ కట్టేసి ఉంది, గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి. పిల్ల అంత దూరం వచ్చి చేసిందేమిటయ్యా అంటే తల్లి గురక వినడం. అయినా అదొక రాత్రే, లెక్కలోకి వస్తుంది. మర్నాడు ఆదివారం కూడా ఉంది, రెండు. మూడో వారం కచేరీ. డ్యూటీ దిగి సరాసరి వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. దీపాలు వెలిగాక స్టేజీ మీంచి టెస్సా కళ్లు చిట్లించి వెతికింది, ముందు మూడో వరుసలో, అక్కడ చేతులూపుతున్న కర్టిస్, హెదర్ కనపడ్డారు, చాలనుకుంది కాబోలు, తర్వాతే వెనక్కి చూసింది. లేదు, వెనక్కి చూసిందో లేదో, దీపం వెలుతురు కళ్లలో పడి ఉంటుంది. ఆ రాత్రి ఇంటికి రావే అందామనుకుని, నాలుగున్నరకి లేపాలని గుర్తొచ్చి అనలేదు. అనకపోవడం తన తప్పా? లేపితే లేచేది కదా. ఇంకొక్క శుక్రవారం ఉంది, దంతాల డాక్టరు ఇక్కడే కాబట్టి ఉండిపోయింది, మూడు. మూడు రాత్రులు. పొద్దున్నే యాభై నాలుగు మంది పరాయి పిల్లలు ఆమెకి గుడ్ మార్నింగ్ చెప్పి ఎక్కుతారు, ఎవడికి పల్లీలు పడవో, ఎవత్తె ఎవరి జడ లాగుతుందో కంఠతా వచ్చు ఆమెకి, సొంత పిల్ల మాత్రం నెలకి మూడు రాత్రులు. పోనీ ఆ హెదర్ మీద నోరు పారేసుకుందామంటే ఆ మనిషి మంచిది. పిల్లకి జ్వరమొస్తే గంట గంటకీ ఫోన్ చేసి చెప్తుంది. మదర్స్ డే వస్తే టెస్సా చేత కార్డు రాయించి తనే కారులో తీసుకొచ్చి, లోపలికి కూడా రాకుండా, గుమ్మం దగ్గర దింపి పోతుంది. ఛీ, ఇంత మంచితనాన్ని మోసుకొచ్చి ఒకరి గుమ్మంలో పోసి వెళ్తారా ఎవరైనా? దొంగ మొహంది అయినా బాగుండేది.

"పదిహేను," అంది డార్లా.

"పదిహేను రాత్రులా?"

"పదహారు రాసుకో కావాలంటే."

కోల్బీ రాయలేదు. పెన్ను బల్ల మీద పెట్టాడు. "మీరేం చెప్తే అది రాయడమే నా పని, మిస్ డార్లా. రాసేస్తాను. కానీ రేపు ఎక్కడన్నా గుద్దిందనుకోండి..."

"గుద్దదు. నేర్పింది నేను."

"తననే ఎవరో గుద్దారనుకోండి. కేసు చూడ్డానికి వచ్చేవాడు మొట్టమొదట అడిగేది బడి కాయితాలే. చిరునామా తేడా ఉంటే కంపెనీ చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆసుపత్రి ఖర్చులకి, అవతలివాళ్లకి, అందరికీ దొరికేది టెస్సాయే. దాంతో పోదు. మీరిక్కడ పెట్టిన సంతకం బడివాళ్ల చేతికి వెళ్లిందంటే, మూడేళ్లుగా అబద్ధం చెప్పి చదివించారంటారు. ఇంకో ఏడాదే కదా ఉంది తనకి?"

"నాకు రూల్సు చెప్పకు. నువ్వు జోళ్ల తాడు కట్టుకోడం రాని రోజుల నుంచి ఎరుగుదును నిన్ను."

"నేనూ ఎరుగుదును మిమ్మల్ని." వాడు బల్ల వైపు చూస్తూ అన్నాడు. "నాకు ఎనిమిదేళ్లప్పుడు, అమ్మా నాన్నా విడిపోయిన ఏడాది, నాన్న ఇంటి ముందు దింపమని ఏడ్చాను. మీరు దింపలేదు."

"కాయితంలో మీ అమ్మ ఇల్లు ఉంది," అంది డార్లా ఠక్కున.

"అదే. కాయితంలో ఏ స్టాపుంటే ఆ స్టాపులోనే దిగాలిరా, నీ ఏడుపు చూసి ఎక్కడ పడితే అక్కడ దింపితే రేపు నువ్వు కనపడకపోతే నిన్నెక్కడని వెతకను, అన్నారు. వారం రోజులు మీతో మాట్లాడలేదు నేను."

"ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నావా?"

"అయ్యో, లేదు మిస్ డార్లా. అది కాదు."

కాదని ఆమెకీ తెలుసు. కక్షయితే ఎంత తేలికో. గుర్తుంది ఆ రోజు, సన్నగా మంచు పడుతోంది, వీడు కిటికీ అద్దాన్ని రెండు చేతులా కొడుతున్నాడు, మా నాన్న, మా నాన్న అని, వరండాలో తండ్రి లేచి నిలబడి చెయ్యి ఎత్తాడు, ఆపుతుందేమోనని మెట్లు కూడా దిగాడు. ఆపలేదు. వేగం కూడా తగ్గించలేదు. ఎన్నిసార్లు చెప్పుకుందో ఈ కథ, కొత్తగా చేరిన డ్రైవర్లని ముందు కూర్చోబెట్టి, చూడండర్రా, గుండె రాయి చేసుకోవాలి, పిల్లల క్షేమమంటే ఇదీ, అని ఎంత గొప్పగా చెప్పుకుందో! ఆ మెట్ల మీద నిలబడిపోయినవాడు తర్వాత ఏం చేశాడో, లోపలికి వెళ్లి ఏం తిన్నాడో, ఒక్కనాడైనా అనుకుందా? కాయితం సరిగ్గా ఉందనుకుంది, అంతే. ఇప్పుడు కాయితం సరిగ్గానే ఉంది, తన సంతకమే, తను ఎత్తిన చెయ్యే, అబద్ధమని తెలిసే రాసిచ్చిన మాట నిజమై కూర్చుంది. టెస్సా మంచు రోడ్డు మీద వస్తూ ఉంటుంది, పక్కసందులోంచి ఎవడో తాగుబోతు దూసుకొస్తాడు, ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఎవడో ఒక టై వాడు అడుగుతాడు, రాత్రిళ్లు ఎక్కువగా ఎక్కడ పడుకుంటావమ్మా అని. దాని చేత చెప్పిస్తారు. లేదంటే దాని చేత అబద్ధమాడిస్తారు, అమ్మ కోసం. వద్దు. ఏడిసినట్టుంది బతుకు, వద్దు. మీ కంపెనీ, మీ రూలు, ఆ కొండ, ఆ ఊరు, అన్నీ తగలడిపోను.

రెండో గీత మీది పేరు తన చేత్తో కొట్టేయమంటే కొట్టేయదు. ఫారాన్నే నాలుగు ముక్కలు చేసి వాడి చెత్తబుట్టలో పడేసింది. సంచిలోంచి కారు తనదని చెప్పే పట్టా తీసి బల్ల మీద చరిచింది. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"వెనకవైపు, మిస్ డార్లా. మా నోటరీ వస్తుంది, ఆవిడ ముందు పెట్టాలి. ఈలోపు ఇక్కడ కర్టిస్ గారి పేరు రాయండి. ఇక్కడ ధర."

"ఊరికే ఇస్తున్నట్టు రాయకూడదా?"

"కుటుంబ సభ్యులకైతే రాయొచ్చు."

"వాడు?"

"మాజీ భర్త కుటుంబంలోకి రారు."

"పొద్దుట్నుంచీ నువ్వన్న మాటల్లో అదొక్కటే బాగుంది."

"ఒక డాలరు అని రాస్తుంటారు మామూలుగా."

"రాస్తాను. ఆ డాలరు కర్టిస్ స్వయంగా వచ్చి నా చేతిలో పెట్టాలి. హెదర్ చేత పంపించాడంటే మాత్రం మర్యాద దక్కదు. ఆ మాట కూడా రాయి అందులో."

"అది రాయడానికి గడి లేదండీ," అన్నాడు కోల్బీ, నవ్వాలో వద్దో తెలీక.

కర్టిస్ పేరు రాసింది, కలం విరిగేలా. నోటరీ వచ్చింది, ఆడమనిషి, చేతిలోని సాండ్‌విచ్ పక్కన పెట్టి, ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అంది. ఇష్టపూర్వకంగా! డార్లా ఆమె మొహంలోకి చూసి, సంతకం గీకి, "ముద్ర కొట్టు," అంది. ముద్ర పడింది. ఇంకా ముద్ర సిరా ఆరకముందే జాకెట్టు జేబులో ఫోను మోగింది. టెస్సా. వెనకాల బడి భోజనాల గదిలో పిల్లల గోల.

"అమ్మా, వెళ్లావా ఆఫీసుకి? ఎక్కించేశావా నన్ను?"

"లేదు. మీ నాన్న దాంట్లోకే పోతున్నావు. కారు కూడా."

"హమ్మయ్య!" అంది టెస్సా.

ఎంత లోపల్నుంచి వచ్చిందో ఆ మాట, మూడు రోజులు బిగబట్టుకున్న ఊపిరంతా దాంట్లో ఉంది. ఊఁ అన్న రోజే అర్థం కావాల్సింది.

"అంటే, అలా కాదమ్మా," టెస్సా గబగబా అందుకుంది. "హెదర్ మంగళవారమే ఎక్కించేసింది నన్ను. నువ్వేమో నీ దాంట్లో ఎక్కిస్తానన్నావు. రెండు చోట్లా ఉంటే ఏం గొడవవుతుందో అని భయమేసింది. నాకు కారొద్దని కాదు. నేను వస్తాను కదా, దాంట్లోనే వస్తాను కదా నీ దగ్గరికి."

"మంగళవారమే ఎక్కించేసిందా?"

"ఊఁ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు కోపమొస్తుందని."

"నాకెందుకే కోపం!" అని అరిచింది డార్లా. ఆ అరుపుకి నోటరీ సాండ్‌విచ్ మీద చెయ్యి వేసింది, కోల్బీ కుర్చీ అంగుళం వెనక్కి జరిగింది.

"చూశావా," అంది టెస్సా.